చంద్రోదయం, క్యాప్సికం: ఇంట్లో ఫిల్ము కడిగేవాళ్ళకు ఇద్దరు గురువులు

పెద్ద కెమెరా, షీట్ ఫిల్ము మొదలుపెడతానన్న వాళ్ళకి ముందుగా చేతిలో పడే పుస్తకం ఆన్సెల్ ఆడమ్స్ రాసిన ‘ద నెగెటివ్’. రెండు అధ్యాయాలు గడిచేసరికి చాలామందికి నీరసం వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంకెవరో ఎడ్వర్డ్ వెస్టన్ పేరు ఎత్తుతారు. ఆయనకి జోన్లు లేవు, గ్రాఫులు లేవు, ఎన్లార్జరుతో పని లేదు. ఒక గాజు పలక, పైన వేలాడే బల్బు, కొన్ని ట్రేలు. అంత మాత్రంతోనే ప్రపంచం మెచ్చిన ప్రింట్లు తీశాడు కదా అంటారు. విన్నవాడికి ప్రాణం లేచొస్తుంది. మీటరు పక్కన పడేసి, అంచనాగా నాలుగు షీట్లు తీసి, అవి ఎందుకు చెడ్డాయో తెలియక, కెమెరాని అమ్మకానికి పెడతాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమైనది ఇది. ఆడమ్స్ దగ్గర నేర్చుకోవలసింది నెగెటివ్ తయారుచేయడం. వెస్టన్ దగ్గర నేర్చుకోవలసింది ప్రింటు వేయడం. కొత్తవాళ్ళు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు: ఎక్స్‌పోజరు వెస్టన్‌లాగా అంచనా మీద ఇచ్చేసి, వచ్చిన తప్పుల్ని ఆడమ్స్‌లాగా ప్రింటులో దిద్దుకుందామనుకుంటారు.

ఇద్దరూ కాలిఫోర్నియా వాళ్ళే అనుకోవచ్చు, వెస్టన్ పుట్టింది ఇల్లినాయ్‌లో అయినా. ఆయన 1886లో పుడితే, ఆడమ్స్ 1902లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. 1932లో ఇమోజెన్ కనింగ్‌హామ్, విల్లర్డ్ వాన్ డైక్, సోన్యా నోస్కొవియాక్ మరికొందరితో కలిసి ‘గ్రూప్ ఎఫ్/64’ అని పేరు పెట్టుకుని, ఆ నవంబరులో డి యంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు ఇద్దరూ ఒకే జట్టు. ఎఫ్/64 అంటే పెద్ద కెమెరా లెన్సు రంధ్రాన్ని బాగా మూసేసిన స్థితి. ముందున్న గడ్డిపరక నుంచి వెనకున్న కొండ దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. మసక మసకగా, చిత్రలేఖనాన్ని అనుకరించే ఫొటోల మీద వాళ్ళ తిరుగుబాటు అది. సిద్ధాంతం ఒక్కటే, కెమెరా ఒకే జాతిది, చాలాసార్లు 8×10 అంగుళాల షీటే. తేడా అంతా షట్టరు మూసుకున్నాక మొదలవుతుంది. కొంత మూసుకోకముందు కూడా ఉందనుకోండి, అక్కడికి వస్తాను.

ముందుగా ఆ పెట్టె సంగతి. 35 ఎంఎం ఫ్రేముతో పోలిస్తే 4×5 షీటు వైశాల్యం దాదాపు 15 రెట్లు. 8×10 అయితే 60 రెట్లు. బెల్లోస్ అటు చివర లెన్సు, ఇటు చివర గరుకు గాజు. ఆ గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని, భూతద్దంతో ఫోకస్ చూసుకుని, లెన్సు మూసి, ఫిల్ము హోల్డరు దోపి, అడ్డురేకు లాగి, అప్పుడు షట్టరు నొక్కాలి. హోల్డరులోకి ఫిల్ము ఎక్కించడం కటిక చీకట్లోనే. షీటు అంచున ఉన్న గాట్లు పైన కుడివైపు వేలికి తగిలితే, మందు పూసిన ముఖం మన వైపు ఉన్నట్టు. ఒకప్పుడు మన ఊళ్ళ స్టూడియోల్లో ఈ పని కొత్తేమీ కాదు. ఫుల్ ప్లేట్, హాఫ్ ప్లేట్, క్వార్టర్ ప్లేట్ అనే మాటలు పాత ఫొటోగ్రాఫర్ల నోట ఆడేవి. కేరళలో అలప్పుళలో హార్మోనియంలు బాగుచేసే కుటుంబం నుంచి పుట్టిన వాగీశ్వరి చెక్క కెమెరాలు దేశమంతా తిరిగాయి; హార్మోనియం తిత్తి కుట్టడం వచ్చిన చేతికి కెమెరా బెల్లోస్ ఎంత పని! ఆడమ్స్‌కి తొలి పేరు తెచ్చిన ‘మోనోలిత్, ద ఫేస్ ఆఫ్ హాఫ్ డోమ్’ కూడా ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాల గాజు ప్లేటు మీద తీసిందే. అంటే మన స్టూడియో భాషలో ఫుల్ ప్లేట్.

ఆ ఫొటో 1927 ఏప్రిల్ 10న తీశాడు. యోసెమిటీలో కొండ ఎక్కుతూ వెంట పట్టుకెళ్ళిన డజను ప్లేట్లలో చివరికి రెండే మిగిలాయి. మొదటిదాన్ని పసుపు ఫిల్టరుతో తీశాక, ఆకాశం తాను మనసులో చూసినంత నల్లగా రాదని తోచి, రెండోదాన్ని ముదురు ఎరుపు ఫిల్టరుతో ఎఫ్/22 దగ్గర 5 సెకన్లు ఇచ్చాడు. ప్రింటు ఎలా ఉండాలో తీయకముందే కళ్ళముందు కట్టుకోవడం ఆ రోజే తనకి తెలిసిందని తర్వాత జీవితాంతం చెప్పుకున్నాడు. ఆ దర్శనాన్ని లెక్కలోకి దించినదే జోన్ సిస్టమ్. 1940 ప్రాంతంలో లాస్ ఏంజెలస్ ఆర్ట్ సెంటర్ స్కూల్లో పాఠం చెబుతూ ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించాడు. తరగతి గదిలో పుట్టింది కాబట్టే అది మామూలు మనిషి మీద దయతో ఉంటుంది. మేధావి కోసం తయారైంది కాదు. మేధ లేని రోజున కూడా నెగెటివ్ చెడిపోకుండా ఉండడానికి తయారైంది.

దాని సారం చాలా చిన్నది. కటిక నలుపు నుంచి తెల్ల కాగితం దాకా 0 నుంచి 10 వరకు మెట్లు, అవే జోన్లు. మీటరుకి ఏది చూపించినా అది దాన్ని ఐదో మెట్టు మీద, అంటే మధ్య బూడిద రంగులో, కూర్చోబెడుతుంది. మర్రిచెట్టు కింద నీడలో మీటరు పెడితే ఆ నీడని బూడిద చేసేస్తుంది. మనకి కావలసింది వివరాలు కనిపించే నలుపు, అంటే మూడో మెట్టు. అందుకని మీటరు చెప్పినదానికి రెండు స్టాపులు తగ్గించి, అంటే నాలుగో వంతు వెలుతురే ఇస్తాం. నీడల సంగతి అక్కడితో తీరిపోయింది. ఇక ఎండలో ఉన్న సున్నపు గోడ ఏ మెట్టు మీద పడిందో చూడాలి. ఎనిమిది దాటి పోతుంటే, డెవలప్ చేసే సమయం తగ్గిస్తాం. నీడలు పెద్దగా కదలవు, వెలుగులు మాత్రం కిందికి దిగుతాయి. దీన్నే ‘ఎన్ మైనస్ వన్’ అంటారు. మబ్బు పట్టి అంతా చప్పగా ఉంటే సమయం పెంచుతాం. రీలు ఫిల్ములో 36 ఫొటోలకీ ఒకే కడుగు. షీటు ఫిల్ములో ఏ షీటు సమయం దానిది. పెద్ద కెమెరా వాళ్ళకి ఈ పద్ధతి అబ్బినంతగా చిన్న కెమెరా వాళ్ళకి అబ్బకపోవడానికి కారణం ఇదే. రాయలసీమ మధ్యాహ్నపు ఎండలో బండరాళ్ళు తీయాలనుకునేవాడికి ‘ఎన్ మైనస్ వన్’ రోజువారీ అవసరం.

ఇప్పుడు వెస్టన్ వైపు. ఆయన దగ్గరా మీటరు ఉండేది. తమాషా ఏమిటంటే అది వెస్టన్ మీటరే. ఆ కంపెనీ పెట్టిన ఎడ్వర్డ్ వెస్టన్ వేరే మనిషి, ఇంగ్లండులో పుట్టిన ఇంజనీరు. మన వెస్టన్ ఆ మీటరుని అటూ ఇటూ చూపించి, అది చెప్పింది విని, చివరికి తనకి తోచినంత ఇచ్చేవాడు. ఇంటికొచ్చి పైరో డెవలపర్లో వేసి, మందమైన ఆకుపచ్చ దీపం కింద మధ్యమధ్యలో పైకెత్తి చూసి, చాలనిపించినప్పుడు తీసేవాడు. గడియారం కంటే కన్ను పెద్ద. వినడానికి ఎంత హాయిగా ఉందో చూశారా? కానీ ఫిక్సరులో పడని షీటు పాలలాగా తెల్లగా, మొద్దుగా ఉంటుంది. దాని వెనక నలుపు ఎంత చేరిందో ఆ గుడ్డి వెలుతురులో పసిగట్టడానికి వేల షీట్లు చేతిమీదుగా వెళ్ళి ఉండాలి. వెస్టన్ తన పదహారో ఏట తండ్రి కొనిచ్చిన కెమెరాతో మొదలుపెట్టి, పోర్ట్రెయిట్ స్టూడియో నడిపి, పొట్టపోసుకోవడానికి రోజూ ఫిల్ము కడిగినవాడు. ఆయన సరళత చివరి మజిలీ. దాన్ని తొలి మెట్టనుకుని ఎక్కబోయేవాళ్ళే పడతారు.

ఇక అసలు విచిత్రం. ఇద్దరి ప్రసిద్ధ చిత్రాలు తీసుకుంటే పాత్రలు తారుమారవుతాయి. లెక్కల ఆడమ్స్ మీటరు లేకుండా తీశాడు. తోచినట్టు తీసే వెస్టన్ అన్నీ కట్టుదిట్టం చేసుకుని తీశాడు.

‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’ కథ చాలామందికి తెలుసు. 1941 శరదృతువు సాయంత్రం కారులో వెళుతూ పక్కకి చూస్తే చిన్న పల్లె, చర్చి, శ్మశానంలో తెల్లని శిలువల మీద చివరి ఎండ, పైన చంద్రుడు. బండి ఆపి 8×10 కెమెరా నిలబెట్టాడు. మీటరు కనిపించలేదు. తేదీ ఆయనకే గుర్తులేకపోతే, చంద్రుడి స్థానాన్ని బట్టి తర్వాత ఖగోళ పరిశీలకులు నవంబరు 1 అని తేల్చారు. ఈ కథని ‘మహానుభావుడి ఊహ’ అని చెప్పేవాళ్ళు లెక్క చూడలేదు. నిండు చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిళ్ళని ఆయనకి కంఠస్థం. ఫిల్ము వేగం 64. దాని వర్గమూలం 8. ఆ వర్గమూలాన్ని ఎఫ్ సంఖ్యగా, వెలుగు అంకెని షట్టరు వేగంగా తీసుకోవాలన్నది సూత్రం. కాబట్టి ఎఫ్/8 దగ్గర సెకనులో 250వ వంతు ఇస్తే చంద్రుడు ఐదో మెట్టు మీద పడతాడు. చంద్రుడు బూడిదగా ఉంటే ఎలా? ఏడో మెట్టుకి ఎక్కించాలంటే నాలుగింతలు, అంటే 60వ వంతు. ముదురు పసుపు ఫిల్టరు పెట్టాడు, దానికి మూడింతలు: 20వ వంతు. ఎఫ్/8 నుంచి ఎఫ్/32కి మూస్తే పదహారింతలు: ఇంచుమించు ఒక సెకను. ఎండ తరిగిపోతుంటే గుండె దడదడలాడుతూ చేసిన లెక్క ఇది. ఒక షీటు తీసి రెండోదానికి హోల్డరు తిప్పేలోపు శిలువల మీద వెలుగు పోయింది.

కానీ ఈ లెక్క చంద్రుడికి న్యాయం చేసింది, నేలకి చేయలేదు. ముందున్న పొదలు, ఇళ్ళు నెగెటివ్‌లో పల్చగా ఉండిపోయాయి. ఆడమ్స్‌కి అది తెలుసు కాబట్టి డి-23 డెవలపర్లో 30 సెకన్లు, తర్వాత కదపకుండా మామూలు నీళ్ళలో 2 నిమిషాలు, ఇలా పదిసార్లు మార్చి మార్చి పెట్టాడు. చంద్రుడి దగ్గర జెలటిన్ పీల్చుకున్న మందు చప్పున ఖర్చైపోతుంది, నీడల దగ్గర మాత్రం నెమ్మదిగా పనిచేస్తూనే ఉంటుంది. అయినా చాలలేదు. 1948లో నెగెటివ్ కింది భాగాన్ని రసాయనంలో ముంచి చిక్కబరిచాడు. ఆ తర్వాత ప్రతి ప్రింటుకీ ఆకాశం మీద అదనపు వెలుతురు పోయడం, నేల మీద చేయి అడ్డుపెట్టడం, మళ్ళీ శిలువల దగ్గర జాగ్రత్త. ఈ ఒక్క నెగెటివ్ నుంచి వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు, ఏదీ మరొకదానిలా లేదు.

తొలి రోజుల ప్రింట్లలో ఆకాశంలో పల్చటి మేఘాలు కనిపిస్తాయి, అది ఇంకా సాయంత్రమే. 1970లనాటి ప్రింట్లలో ఆకాశం దాదాపు కాటుక. లోకం కొనుక్కున్నది, గోడలకి తగిలించుకున్నది ఈ రెండోదాన్నే. నాకు మాత్రం మొదటిదే ఇష్టం. నల్లటి ఆకాశంలో నాటకీయత పెరిగింది. కాని పల్లె మీద పడుతున్న ఆ వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో అర్థంకాకుండా పోయింది. అస్తమించే సూర్యుడు కెమెరా వెనక ఉన్నాడన్న సంగతి మేఘాలున్న ప్రింటులోనే ఒంటికి తగులుతుంది. యవ్వనంలో పియానో సాధన చేసిన ఆడమ్స్ నెగెటివ్‌ని స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చేవాడు. కచేరీ అన్నాక ఏళ్ళు గడిచేకొద్దీ గొంతు పెంచే గాయకులూ ఉంటారు.

వెస్టన్ ‘పెప్పర్ నంబర్ 30’ 1930 ఆగస్టు తొలి వారంలోది. సోన్యా నోస్కొవియాక్ తెచ్చిన క్యాప్సికం కాయల్ని ఒకదాని తర్వాత ఒకటి తీస్తూ పోయాడు. గోడ ముందు, గుడ్డ ముందు, ఏది పెట్టినా కుదరక చివరికి ఒక రేకు గరాటు పక్కకి పడుకోబెట్టి, దాని నోట్లో కాయని నిలిపాడు. గరాటు వంపు లోపల వెలుతురు చుట్టూ తిరిగి కాయ అంచుల్ని వెలిగించింది. వెనక ఏమీ లేని చీకటి. మెలితిరిగిన రెండు దేహాల్లా కనిపిస్తుందని అందరూ అంటారు, ఆయనకి ఆ మాట నచ్చేది కాదు. నమూనాలు చివరికి వంటింట్లోకే వెళ్ళేవి కాబట్టి, తన మోడళ్ళని తానే తినే మనిషని వెస్టన్‌ని ఆటపట్టించిన వాళ్ళూ ఉన్నారు.

సాంకేతికంగా చూస్తే ఇది కొత్తవాళ్ళకి గొప్ప పాఠం. ప్రింటు ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు, కాయ అందులో నిండుగా ఉంది. కాంటాక్టు ప్రింటు కాబట్టి ఫిల్ము మీద కూడా అంతే. గుప్పిట్లో పట్టే కాయ అసలు సైజు కంటే పెద్దగా పడాలంటే బెల్లోస్ చాలా దూరం సాగాలి, సాగిన కొద్దీ ఫిల్ము చేరే వెలుతురు తరుగుతుంది: వస్తువు అసలు సైజులో పడితే నాలుగింతల ఎక్స్‌పోజరు, రెట్టింపు సైజులో పడితే తొమ్మిదింతలు. దానికి తోడు లెన్సు బాగా మూసి ఉంది. పైగా అంత మందమైన వెలుతురులో ఫిల్ము లెక్క ప్రకారం స్పందించడం మానేస్తుంది, ఇంకా ఇవ్వాలి. ఇన్నీ కలిసి ఎక్స్‌పోజరు విపరీతంగా సాగింది. కాయ కదలదు, గది వెలుతురు తెలిసినదే, నచ్చకపోతే రేపు మళ్ళీ తీయొచ్చు. ఆడమ్స్ రోడ్డు పక్కన ఒక్క సెకనులో ఎదుర్కొన్న అనిశ్చితిలో ఏ ఒక్కటీ ఇక్కడ లేదు. అంటే ‘తోచినంత ఇవ్వడం’ అనేది వెస్టన్ చేతిలో నిజానికి ఒకే వస్తువుని, ఒకే వెలుతురుని మళ్ళీ మళ్ళీ తీసి నేర్చుకోవడం. మొదటి హోల్డర్లు ఎక్కించుకున్నవాడు గోల్కొండకీ, బొర్రా గుహలకీ పరిగెత్తకుండా కిటికీ పక్కన వంకాయ పెట్టుకోవడం మేలని నేననేది అందుకే.

ప్రింటు దగ్గర వెస్టన్‌ని అక్షరాలా అనుసరించవచ్చు. నెగెటివ్‌ని కాగితం మీద ఆనించి, పైన గాజు పెట్టి, బల్బు వెలిగించాలి. నెగెటివ్ ఎంతో ప్రింటు అంతే. 4×5 అయితే దాదాపు పోస్టుకార్డంత. మన తాతముత్తాతల పద్ధతే ఇది. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచి ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా వెలిగిన రాజా దీన్‌దయాళ్ పెద్ద పెద్ద గాజు ప్లేట్లు వాడింది సరదాకి కాదు. అప్పటి అల్బుమెన్ కాగితం ఎండలో ప్లేటుకి ఆనించి ఉంచితే గాని బొమ్మ కట్టేది కాదు, ఎంత ప్రింటు కావాలంటే అంత ప్లేటు మోయాల్సిందే. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వెస్టన్ 20వ శతాబ్దంలో ఆ దారినే ఎంచుకుని, ప్లాటినం కాగితాన్ని వదిలి నిగనిగలాడే సిల్వరు కాగితానికి మారాడు. ఎమిడాల్ డెవలపరు వాడేవాడు, గోళ్ళు నల్లబడేవి. అవసరమైన చోట చేయి అడ్డుపెట్టడం ఆయనకీ తెలుసు, మడి కట్టుకున్నవాడేమీ కాదు. కానీ ఆ పని పరిమితంగా ఉండేది.

ఈ పద్ధతిలో కొత్తవాడికి అసలు లాభం డబ్బు ఆదా కాదు, సాక్ష్యం చెరిగిపోకపోవడం. ఏమీ పడని ఫిల్ము అంచు ఉంటుంది కదా, ఆ అంచు కింద కాగితం పూర్తి నలుపుకి తిరగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ముందు కనుక్కోండి. ఇక ఆ సమయాన్ని కదపకండి. ప్రతి నెగెటివ్‌నీ అదే సమయం, అదే గ్రేడు కాగితం మీద వేయండి. నీడల్లో వివరం లేకపోతే ఎక్స్‌పోజరు తక్కువైంది. వెలుగులు సుద్దలా తెల్లబారితే డెవలపింగ్ ఎక్కువైంది. వేరే అనుమానానికి చోటు లేదు. ఎన్లార్జరు కింద చేతులు ఊపుతూ, ఫిల్టర్లు మారుస్తూ అందంగా ఒక ప్రింటు తెచ్చుకుంటే అది మంచి ప్రింటే కావచ్చు. నెగెటివ్ చేసిన తప్పు మాత్రం అందులో దాక్కుంటుంది. ‘మూన్‌రైజ్’ని ఏళ్ళ తరబడి కాపాడుతూ వచ్చిన చేతులు మనకి లేవు.

పుస్తకాలుగా చూస్తే పోటీ లేదు. వెస్టన్ ‘డేబుక్స్’ తెల్లవారుజామున కాఫీతో కూర్చుని రాసుకున్న దినచర్య: అప్పులు, ప్రేమలు, పిల్లలు, మెక్సికో, మధ్యలో ఒక్కోసారి క్యాప్సికం. మనుషుల మీద రాసినవి కొన్ని తానే బ్లేడుతో కోసేశాడు. సాహిత్యంగా అది ఆడమ్స్ మూడు సాంకేతిక గ్రంథాలకీ అందనిది. కానీ దాన్ని చదివి ఫిల్ము కడగడం ఎవరూ నేర్చుకోలేరు. ‘ద నెగెటివ్’ మొదట 1948లో వచ్చింది, 1981లో రాబర్ట్ బేకర్ సాయంతో తిరగరాశారు. శైలి పొడిపొడిగా ఉంటుంది, అనుబంధాల్లో పరీక్షల పద్ధతులు బెదరగొడతాయి. జోన్ల గురించిన అధ్యాయం, డెవలపింగ్ అధ్యాయం చదివి మిగతాది ఏడాది తర్వాతకి వాయిదా వేసుకుంటే నష్టం లేదు.

ఇద్దరికీ పట్టని సమస్య ఒకటి మనకుంది: నీళ్ళ వేడి. వాళ్ళు పనిచేసిన కార్మెల్‌లో సముద్రపు పొగమంచు, యోసెమిటీలో కొండనీళ్ళు. వాళ్ళ లెక్కలన్నీ 20 డిగ్రీల చుట్టూ తిరుగుతాయి. మే నెలలో విజయవాడలో ట్యాంకు నీళ్ళు ముట్టుకుంటేనే చురుక్కుమంటాయి. ఆ వేడిలో డెవలపరు తొందరపడుతుంది, జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే గీత. పూర్వం వేడి దేశాల్లో ప్లేట్లు కడిగేవాళ్ళు పటిక కలిపి పొర గట్టిపడేలా చేసుకునేవారు. ఇప్పుడైతే పెద్ద టబ్బులో ఐసు వేసి అందులో డెవలపరు ట్రే పెట్టుకోవడం సులువు. ఐసుని డెవలపర్లోనే వేస్తే అది పలచబడిపోతుంది. 24 డిగ్రీల దగ్గర నిలబెట్టగలిగితే దానికి తగ్గట్టు సమయం తగ్గించుకుని పనిచేయొచ్చు, అయితే మొత్తం 5 నిమిషాలకి తగ్గకూడదు. తగ్గితే షీటంతా సమంగా తేలదు. ఫిక్సరు, కడిగే నీళ్ళు కూడా ఇంచుమించు అదే వేడిలో ఉండాలి.

డెవలపరు విషయంలోనూ నేను ఆడమ్స్ వైపే. పైరో విషం, గాలిలో చప్పున పాడవుతుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. డి-23 అయితే లీటరుకి 7.5 గ్రాముల మెటాల్, 100 గ్రాముల సోడియం సల్ఫైట్, అంతే. త్రాసు ఉంటే ఇంట్లోనే కలుపుకోవచ్చు. వెస్టన్ లాగా కళ్ళతో చూస్తూ కడగాలనే కోరిక తీరాలంటే ఒక దారి ఉంది: ఎరుపు వెలుతురు సోకినా చెడని ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము. ఇల్‌ఫోర్డ్ ఆర్థో ప్లస్ షీట్లు ఉన్నాయి. ఆకుపచ్చకి స్పందించే ఎక్స్‌రే ఫిల్ముని కోసి వాడుకునేవాళ్ళూ ఉన్నారు. చవకే, కానీ రెండు వైపులా మందు ఉంటుంది కాబట్టి ట్రే అడుగున రుద్దుకుంటే గీతలు పడతాయి. రెండూ ఎరుపుని చూడవు గనక ఎర్రమట్టి, పెదవులు నల్లగా వస్తాయి. ముదురు ఎరుపు దీపం కింద బొమ్మ తేలడం చూడొచ్చు. కాని తీయాల్సిన క్షణాన్ని గడియారమే చెప్పాలి, కనీసం కన్ను కుదిరేదాకా. మామూలు ఫిల్ము అయితే బాత్రూములో, రాత్రిపూట, తలుపు కింద తువ్వాలు కుక్కి, పూర్తి చీకట్లోనే. షీట్లని ముందు ఒక నిమిషం నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్కటిగా ట్రేలో వేసి, అడుగుది తీసి పైన పెడుతూ ఉండాలి. నానబెట్టకుండా వేస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి. మొదట్లో ఒకసారికి రెండు షీట్లు చాలు.

ఇద్దరి తర్వాత నెగెటివ్‌లు ఏమయ్యాయన్నది కూడా ఈ పోలికలో భాగమే. వెస్టన్‌కి పార్కిన్సన్స్ వచ్చింది; 1948లో కార్మెల్ దగ్గరి పాయింట్ లోబోస్‌లో తీసిందే చివరి ఫొటో. 1950ల మొదట్లో ఆయన ఎంచిన ఎనిమిది వందల పైచిలుకు నెగెటివ్‌ల నుంచి కొడుకు బ్రెట్, తండ్రి కనుసన్నల్లో, ప్రింట్లు వేశాడు. 1958లో తండ్రి పోయాక ఇంకో కొడుకు కోల్ వేస్తూ వచ్చాడు. బొమ్మ చాలావరకు నెగెటివ్‌లోనే ఉంది కాబట్టి ఆ పని సాధ్యమైంది. ఆడమ్స్ నెగెటివ్‌లు అరిజోనా విశ్వవిద్యాలయంలో తాను నెలకొల్పడానికి సాయపడిన సెంటర్ ఫర్ క్రియేటివ్ ఫొటోగ్రఫీకి వెళ్ళాయి. యోసెమిటీ చిత్రాలు కొన్నిటిని ఆయన సహాయకుడు అలన్ రాస్ 1970ల నుంచి వేస్తూనే ఉన్నాడు, కానీ ఎక్కడ ఎన్ని సెకన్లు నీడ పట్టాలి, ఎక్కడ వెలుతురు పోయాలి అన్న ఆడమ్స్ అభిరుచి తెలిసిన చెయ్యి అది. ఈ లెక్కన కాంటాక్టు ప్రింటు వాళ్ళ ఇంట్లో వారసత్వం సులువు కావాలి. బ్రెట్ వెస్టన్ అలా అనుకోలేదు. తండ్రి నెగెటివ్‌ల్ని అంత నమ్మకంగా ప్రింటు వేసిన మనిషి, 1991 డిసెంబరులో తన 80వ పుట్టినరోజున సొంత నెగెటివ్‌లు చాలావరకు పొయ్యిలో వేసి కాల్చేశాడు. తన ప్రింట్లు తాను తప్ప ఇంకెవరూ వేయకూడదని. తండ్రి పద్ధతిలో పనిచేస్తూ, ప్రింటే కచేరీ అన్న ఆడమ్స్ సిద్ధాంతాన్ని ఆడమ్స్ కంటే గట్టిగా నమ్మినవాడు బ్రెట్ అన్నమాట. నా మటుకు, బ్రెట్ వేసిన తండ్రి ప్రింట్లే అతని వాదనకి ఎదురుసాక్ష్యం.